నీ బొమ్మను ఎవరో మార్చేసి వాడుకుంటుంటే ఏం చేయొచ్చు?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఉప్పాడ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాత బొమ్మ గీసి పోయినేడాది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టావు. ఇప్పుడది మూడు చోట్ల మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకరు తాత చేతిలోని వల తీసేసి ఒక పార్టీ జెండా పెట్టి, నీ సంతకం చెరిపేసి పోస్టర్ చేశారు. ఇంకొకరు ఏఐ యాప్‌లో వేసి రంగులు మార్చి టీషర్టుల మీద అచ్చేసి అమ్ముతున్నారు. కాలేజీ పిల్లలెవరో పరీక్షల మీద డైలాగు రాసి మీమ్ చేశారు. "నెట్‌లో పెట్టాక అది అందరిదీ, వదిలెయ్" అని నీ ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా అన్నా అని అడిగావు.

నిజం కాదు. నెట్‌లో పెట్టడమంటే చూడమని అందరి ముందూ పెట్టడం, అంతే. మా ఇంటి గోడ మీద ముగ్గు వేస్తే వీధిలో పోయేవాళ్లు చూస్తారు, బాగుందంటారు, ఫోటో కూడా తీసుకుంటారు, కానీ గోడ వాళ్లదైపోదు కదా. ఇన్‌స్టాగ్రామ్ షరతుల్లో మనం ఒప్పుకునేది కూడా ఆ కంపెనీకి ఇచ్చే అనుమతే. బొమ్మను తన దగ్గర ఉంచుకోవడానికి, చూపించడానికి, అవసరమైతే మార్చడానికి కూడా దానికి పర్మిషన్ ఇస్తున్నాం. ఇది చాలా పెద్ద అనుమతే, దాని గురించి నాకు కోపం ఉంది, అది వేరే సంగతి. కానీ ఆ యాప్‌లో ఉన్న పక్కవాడికి అందులో ఏ హక్కూ రాదు.

నేను లాయర్ని కాదు. 24 ఏళ్లుగా వారపత్రికలకి, పుస్తకాల ముఖచిత్రాలకి, పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీస్తున్నవాణ్ణి. ఈ చట్టం సంగతులు నాకు సరదాగా పట్టుబడలేదు, దెబ్బ తిని నేర్చుకున్నాను. ముందు అది చెప్తాను, ఎందుకంటే నీ బొమ్మకి జరిగిందీ దాదాపు అదే.

పదిహేనేళ్ల పైమాట. ఒక కథకి బొమ్మ వేశాను, ఇంటి అరుగు మీద కూర్చుని చేటలో చింతపండు గింజలు తీస్తున్న ముసలావిడ. కథలో ఆవిడకి ముఖం లేదు, నేను మా నాయనమ్మ ముఖం పెట్టాను. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కొన్ని నెలల తర్వాత పని మీద ఒక ఊరు వెళ్తే బస్టాండ్ ఎదురుగా ఒక వంటనూనె ఫ్లెక్సీ. దూరం నుంచే ఏదో తేడాగా అనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే మా నాయనమ్మ. చేట లేదు, చేతిలో నూనె ప్యాకెట్ ఉంది. పైట కుడి భుజం మీద ఉంది. మన ఆడవాళ్లు పైట ఎడమ భుజం మీద వేసుకుంటారు కాబట్టి అది చూడగానే అర్థమైంది, బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. తెల్ల చీరకి ఆకుపచ్చ రంగు పూశారు. అరుగు కింద నా సంతకం ఉండాల్సిన చోట క్లోన్ టూల్‌తో రుద్దిన మరక, రాతి గీతలు అక్కడికొచ్చి ఒక్కసారిగా అలికేసినట్టు ఆగిపోయాయి.

ఫ్లెక్సీ వేసిన వాళ్ల దగ్గరికి వెళ్తే "గూగుల్లో దొరికింది సార్" అన్నారు. కంపెనీ వాళ్లకి ఉత్తరం రాశాను, జవాబు లేదు. నా దగ్గర ఏముంది చూపించడానికి? పెన్సిల్ స్కెచ్ పారేశాను, పత్రికతో రాతలో ఏ ఒప్పందమూ లేదు, ఫైలు పాత కంప్యూటర్‌తో పాటు పోయింది. నెల తర్వాత వాళ్లంతట వాళ్లే ఫ్లెక్సీ మార్చారు, ప్రకటన గడువు అయిపోయిందంతే. డబ్బు సంగతి పక్కన పెట్టు. మా చుట్టం ఒకాయన ఇంటికొచ్చి, "నాయనమ్మని నూనె ప్యాకెట్‌కి ఎంతకి అమ్మావురా" అని మా నాన్న ముందు అడిగాడు. ఆ మాట నాకు ఈ రోజుకీ మర్చిపోవడం చేతకాలేదు. బొమ్మ దొంగతనం అంటే డబ్బు నష్టం అనుకుంటారు అందరూ. అసలు నష్టం ఇది. నేను అనని మాట నా చేత అనిపించారు.

ఈ నష్టానికి చట్టంలో చోటుందని నాకు అప్పుడు తెలియదు. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్. ఇది గుర్తుపెట్టుకో, ఎందుకంటే మన ఆర్టిస్టుల్లో చాలామందికి కాపీరైట్ గురించి తెలుసు గానీ దీని గురించి తెలియదు. కాపీరైట్ ఆస్తి లాంటిది. అమ్మొచ్చు, అద్దెకివ్వొచ్చు, నీ తర్వాత పిల్లలకి వస్తుంది, నువ్వు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. 57వ సెక్షన్ ఇచ్చేది ఆస్తి కాదు, బంధం. ఇది నేను గీసిందే అని చెప్పుకునే హక్కు ఒకటి. నా గౌరవానికో పేరుప్రతిష్ఠలకో భంగం కలిగేలా బొమ్మని వికృతం చేస్తే, ముక్కలు చేస్తే, మార్చేస్తే ఆపించే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు రెండోది. కాపీరైట్ మొత్తం ఇంకొకరికి రాసిచ్చేసిన తర్వాత కూడా ఇవి ఆర్టిస్టు దగ్గరే ఉంటాయని సెక్షన్‌లోనే రాసి ఉంది.

కాగితం మీద మాటలే కదా అంటావేమో. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పం ఉండేది, 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. ప్రభుత్వమే 1957లో చేయించుకుంది. 1979లో భవనం బాగుచేస్తూ దాన్ని పీకి, విరిగిన ముక్కల్ని గోడౌన్‌లో పడేశారు. ఆయన ఉత్తరాలు రాసి రాసి విసిగి 1992లో కోర్టుకెళ్లారు. డబ్బిచ్చి చేయించుకున్నాం, మా వస్తువు, మా ఇష్టం అన్నది ప్రభుత్వ వాదన. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 5 లక్షల పరిహారం ఇవ్వమంది, మిగిలిన ముక్కలు శిల్పికి తిరిగి ఇచ్చేయమంది. పదమూడేళ్లు పట్టింది, నిజమే. కానీ వస్తువు కొన్నవాడికి కూడా దాన్ని ఎలా పడితే అలా చేసే హక్కు లేదని ఒక కోర్టు చెప్పింది. నీ తాత బొమ్మని ఎవరూ కొనను కూడా లేదు.

ఒక్క మెలిక ఉంది. "నాకు బాధ కలిగింది" అంటే చాలదు. 1994లో సవరణ చేసి, గౌరవానికో ప్రతిష్ఠకో హాని జరగాలన్న షరతు ఈ సెక్షన్‌లో కచ్చితంగా పెట్టారు. రంగు కొంచెం ముదురు చేశారు, అంచు కత్తిరించారు అని కోర్టుకెళ్తే నిలబడదు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "నువ్వు ఆ పార్టీలో చేరావా" అని అడిగారని రాశావు చూడు, అది నిలబడుతుంది. ఆ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకు.

ఇక్కడ ఇంకో విషయం. చట్టం దృష్టిలో కర్త ఎవరు అన్నది చాలా ముఖ్యం. బొమ్మకి గీసినవాడు కర్త, ఫోటోకి తీసినవాడు కర్త, కానీ సినిమాకి మన చట్టంలో కర్త నిర్మాత, డైరెక్టర్ కాదు. 2013లో వచ్చిన 'రాంఝణా' గుర్తుందా, ధనుష్ సినిమా? దాని తమిళ వెర్షన్‌ని 2025 ఆగస్టులో ఏఐతో క్లైమాక్స్ మార్చి, చనిపోయిన హీరోని బతికించి మళ్లీ రిలీజ్ చేశారు. డైరెక్టర్ ఆనంద్ ఎల్. రాయ్, ధనుష్ ఇద్దరూ బహిరంగంగానే వ్యతిరేకించారు. అయినా సినిమా థియేటర్లకి వచ్చేసింది, హక్కులు నిర్మాణ సంస్థ దగ్గరున్నాయి కాబట్టి. రెండేళ్లు రక్తం ధారపోసి తీసినవాడికి చట్టంలో కర్తగా చోటు లేకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఈ విషయంలో ఒక సినిమా డైరెక్టర్ కన్నా కాకినాడలో ట్యాబ్ మీద బొమ్మలు వేసే నువ్వు గట్టి నేల మీద ఉన్నావు.

గట్టి నేల మీద ఉన్నా గొయ్యి ఒకటుంది, నీలాంటి కుర్రాళ్లు ఎక్కువగా పడేది అందులోనే. నీ తాత బొమ్మ నీ అంతట నువ్వు గీసుకున్నది, అందుకు గొడవ లేదు. కానీ రేపు ఎవరైనా డబ్బిచ్చి "ఇలా ఒకటి గీసిపెట్టు" అంటే, అది పెయింటింగో పోర్ట్రెయిటో ఫోటోనో అయితే, వేరేగా ఒప్పందం చేసుకోనంత వరకు దాని కాపీరైట్ మొదటినుంచీ డబ్బిచ్చినవాళ్లదే. 17వ సెక్షన్ అలా చెప్తుంది. ఉద్యోగంలో ఉండి గీస్తే యజమానిది. ఈ సంగతి తెలియక "నా బొమ్మ, నా కాపీరైట్" అని గొడవకి వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు. అప్పుడు కూడా 57 నీ దగ్గరే ఉంటుంది, కర్తవి నువ్వే కాబట్టి. కానీ అది ఒక్కటే చేతిలో ఉండటం వేరు, రెండూ ఉండటం వేరు.

అందుకే పని ఒప్పుకునేటప్పుడే రాసుకోవాలి. పెద్ద స్టాంపు పేపర్లు అక్కర్లేదు, మెయిల్‌లో నాలుగు వాక్యాలు పంపి "సరే" అనిపించుకున్నా లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం. నేను రాసేది ఇలా ఉంటుంది: "ఈ బొమ్మ కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది. ఫలానా పుస్తకం ముఖచిత్రంగానూ, ఆ పుస్తకం ప్రచారానికీ మాత్రమే 3 ఏళ్ల పాటు వాడుకోవచ్చు. సైజు తగ్గించడం, పేరు అచ్చేయడానికి అంచులు సర్దుకోవడం తప్ప వేరే మార్పు ఏది చేయాలన్నా నాకు చూపించి, రాతలో ఒప్పించుకోవాలి. ఏఐ టూల్స్‌లో వేయకూడదు. నా పేరు లోపలి పేజీలో వేయాలి." అడగడానికి మొహమాటపడకు. నిజంగా పుస్తకం మీద ప్రేమ ఉన్న పబ్లిషర్ ఒక్కరు కూడా ఈ మాటలు చూసి నాకు పని ఇవ్వకుండా పోలేదు. ఒకవేళ వాళ్లే అగ్రిమెంట్ పంపిస్తే రెండు చోట్ల చూడు. హక్కులు ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి ఇస్తున్నావో ఉందా అని. రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏళ్లు, ఇండియా వరకే. అందుకే వాళ్ల లాయర్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని మర్చిపోకుండా రాస్తారు. ఇంకోటి, "నైతిక హక్కులు వదులుకుంటున్నాను" అనే లైను. అది 57వ సెక్షన్ గురించే. ఆ లైను కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పంపు.

సరే, ఇప్పుడు నీ మూడు సంగతులకి వద్దాం. మూడింటినీ ఒకే గాటన కట్టకు.

మీమ్ వదిలెయ్. మనస్ఫూర్తిగా చెప్తున్నాను, భయపడి కాదు. పిల్లలు నవ్వుకున్నారు, ఎవరూ డబ్బు చేసుకోలేదు, తాతని అవమానించలేదు. చట్టంలో విమర్శకి, సమీక్షకి మినహాయింపు ఉంది, మీమ్ అందులోకి వస్తుందా రాదా అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది, ఆ వాదనలోకి దిగి నీ ఓపిక పోగొట్టుకోకు. కావాలంటే ఆ పేజీ వాళ్లకి "బొమ్మ నాదే, పేరు వేయండి" అని ఒక మెసేజ్ పెట్టు, సంతోషంగా వేస్తారు, నీకు నలుగురు కొత్తవాళ్లు వస్తారు. ఇలా వదిలేస్తే తర్వాత హక్కు పోతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో మాట్ ఫ్యూరీ అనే కార్టూనిస్టు సంగతి చూడు. 2005లో తన కామిక్‌లో పెపె అనే కప్ప బొమ్మ గీశాడు. అది మీమ్ అయి ప్రపంచమంతా తిరిగింది, ఏళ్ల తరబడి ఆయన ఏమీ అనలేదు. తర్వాత దాన్ని జాతివిద్వేషం నూరిపోసేవాళ్లు ఎత్తుకుపోయారు. 2016లో యూదుల మీద ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే ఒక సంస్థ ఆ కప్పని విద్వేష చిహ్నాల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. తను గీసిన అమాయకపు కప్ప అలా అయిపోతే ఆ మనిషి ఎంత నలిగిపోయి ఉంటాడో నాకు అర్థమవుతుంది, 2017లో ఒక స్ట్రిప్‌లో దాని శవపేటికని కూడా గీశాడు. ఆ తర్వాత లాయర్లతో ఒక్కొక్కరి మీదికీ వెళ్లాడు. కప్ప బొమ్మతో పోస్టర్ అమ్మిన ఇన్ఫోవార్స్ అనే కుట్ర సిద్ధాంతాల వెబ్‌సైట్ 2019లో 15,000 డాలర్లు కట్టి రాజీకి రావాల్సి వచ్చింది. అన్నేళ్లు మీమ్‌లని ఊరుకున్నా కాపీరైట్ ఆయన దగ్గరే ఉంది కాబట్టే ఇది జరిగింది. కానీ అప్పటికే కప్పకి అంటిన మరక పూర్తిగా పోలేదు. నేను దీని నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, ఏది నవ్వులాటో ఏది నీ బొమ్మ నోట్లో వేరే మాట పెట్టడమో తేడా తెలిసిన రోజునే కదలాలి.

జెండా పోస్టర్ అలాంటిది. దాని మీద ముందు వెళ్లు, టీషర్టుల కన్నా ముందు. అందులో మూడు తప్పులు ఉన్నాయి. బొమ్మని అడక్కుండా వాడారు, అది మామూలు కాపీరైట్ ఉల్లంఘన. అర్థమే మార్చేశారు, అది 57. సంతకం చెరిపేశారు, అది అదే కాపీరైట్ చట్టంలోని 65బి సెక్షన్. ఈ చివరిది 2012 సవరణలో వచ్చింది. బొమ్మ ఎవరిదో తెలిపే వివరాన్ని, అంటే ఆర్టిస్టు పేరు కూడా అందులోకి వస్తుంది, తెలిసి తెలిసి తీసేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. నోటీసులో ఈ సెక్షన్ కనబడితే చాలామంది మాట తీరు మారడం నేను చూశాను. అలా అని మొదటి ఉత్తరంలోనే జైలు జైలు అని రాయకు. పార్టీ జిల్లా ఆఫీసుకి మర్యాదగా ఒక ఉత్తరం, మెయిల్ రెండూ పంపు: బొమ్మ నాది, ఇదిగో అసలుది, మీ కార్యకర్తలు దీన్ని మార్చి వాడుతున్నారు, నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు, ఏడు రోజుల్లో మీ పేజీలన్నిటిలోంచి తీసేసి నాకు తెలియజేయండి. పోస్టర్ చేసింది సాధారణంగా ఎవరో ఉత్సాహవంతుడైన కుర్రాడు, పైవాళ్లకి సంగతే తెలిసి ఉండదు. వాళ్లకీ గొడవ అక్కర్లేదు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

టీషర్టుల సంగతి డబ్బు సంగతి, కాబట్టి అక్కడ డబ్బే అడుగు. ఎన్ని అమ్మారో లెక్క చెప్పమను, ఇకమీదట అమ్మాలంటే ముక్కకి ఇంత అని మాట్లాడుకో, లేదా ఆపమను. "ఏఐలో వేశాం కదా, కొత్త బొమ్మ అయిపోయింది" అని వాళ్లంటారు. అవ్వదు. తాత కూర్చున్న తీరు, వల మడతలు, వెనక పడవ కొమ్ము, అన్నీ నీవే ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. రంగులు మార్చినంత మాత్రాన కాపీ కాపీ కాకుండా పోదు.

ఎవరికైనా ఏదైనా పంపేముందు ఈ రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. సాక్ష్యం కూడగట్టు. నువ్వు ఉత్తరం పంపిన గంటలో వాళ్లు డిలీట్ చేస్తారు, ఆ తర్వాత నీ దగ్గర ఏమీ ఉండదు. ప్రతి పోస్టుకీ లింకు, తేదీ, పేజీ పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తియ్యి. ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి పేజీ మొదటినుంచి ఆ పోస్టు దాకా జరుపుతూ వీడియో తియ్యి. టీషర్టు ఒకటి కొను, బిల్లు దాచు. నీ వైపు నుంచి లేయర్లతో ఉన్న అసలు ఫైలు, మొదటి స్కెచ్‌లు, ఉప్పాడలో తీసుకున్న ఫోటోలు, అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి ఇంకో చోట కాపీ పెట్టు. ఫైళ్లని తెరిచి మళ్లీ సేవ్ చేయకు, తేదీలు మారిపోతాయి. రేపు కోర్టు దాకా వెళ్తే ఈ డిజిటల్ సాక్ష్యాలకి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, అది లాయర్ చూసుకుంటాడు, కానీ ఫైలు చెక్కుచెదరకుండా ఉంచడం నీ పని.

తర్వాత ప్లాట్‌ఫారాలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, షాపింగ్ సైట్లు, అన్నిటికీ కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది. నీ అసలు పోస్టు లింకు, వాళ్ల లింకు, రెండూ ఇవ్వాలి. మామూలు "రిపోర్ట్" బటన్ నొక్కి కూర్చోకు, దాంతో పని కాదు. అవతలివాళ్లు ఎదురు జవాబు పెడితే, నువ్వు కేసు వేసినట్టు చూపించకపోతే బొమ్మ మళ్లీ పైకి రావచ్చు. మన చట్టంలో వేరే దారి కూడా ఉంది. 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ప్లాట్‌ఫారం వాళ్లు ఆ బొమ్మని 36 గంటల్లో కనబడకుండా చేయాలి, 21 రోజులు అలాగే ఉంచాలి. కానీ ఆ 21 రోజుల్లో కోర్టుకెళ్లి ఆర్డర్ తెస్తానని నువ్వు హామీ రాసివ్వాలి, కాబట్టి నిజంగా వెళ్లే ఉద్దేశం ఉంటేనే ఈ దారి పట్టు. ఫారంలో ఒక్క అబద్ధం కూడా వద్దు. కాపీరైట్ ఇంకొకరికి ఇచ్చేసిన బొమ్మ మీద "ఓనర్ని నేనే" అని టిక్ పెడితే నువ్వే ఇరుక్కుంటావు, ఆధారం లేకుండా బెదిరిస్తే ఎదుటివాళ్లే నీ మీద కేసు వేసే సెక్షన్ కూడా చట్టంలో ఉంది. అలాంటి బొమ్మకి 57 కింద ఉత్తరమే సరైన దారి.

వాట్సాప్ దగ్గర మాత్రం నీ చేతిలో ఏమీ లేదు. ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లిపోయినదాన్ని వెనక్కి తేలేవు. అక్కడ చేయగలిగింది ఒక్కటే, అసలు బొమ్మనీ మార్చినదాన్నీ పక్కపక్కన పెట్టి "ఇది నేను గీసింది, ఇది నేను గీయనిది" అని నీ పేజీలో రెండు లైన్లు రాసి, మీ ఊరి గ్రూపుల్లో వెయ్యి. తిట్టకు, పార్టీ పేరు కూడా ఎత్తకు. ఆ రోజు బస్టాండ్ నుంచి ఇంటికొచ్చి నేను ఈ ఒక్క పని చేసి ఉంటే మా చుట్టం ఆ మాట అనేవాడు కాదు.

కోర్టు అంటే హైదరాబాదో ఢిల్లీయో పరిగెత్తాలని భయపడుతున్నావు. కాపీరైట్ కేసులకి ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది, 62వ సెక్షన్ ప్రకారం నువ్వు ఉంటున్న చోటే జిల్లా స్థాయి కోర్టులో వేయొచ్చు. బొమ్మని రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు, గీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. అయినా ఈ తాత బొమ్మని చేయించమనే నా సలహా. మామూలు బొమ్మకి ఫీజు 500 రూపాయలు, వస్తువుల మీద వాడేదైతే 2,000. ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు, ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. చేతిలో ఆ సర్టిఫికెట్ ఉంటే కాదని నిరూపించాల్సిన భారం ఎదుటివాళ్ల మీద పడుతుంది.

"ఎడిట్ చేయకూడదు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెడితే ఆగుతారా" అని కూడా అడిగావు. క్రియేటివ్ కామన్స్ అంటే, మన పనిని ఇతరులు ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే చెప్పే రెడీమేడ్ లైసెన్సులు. ఇక్కడ చాలామంది పొరబడతారు. లైసెన్స్ అంటే తాళం కాదు, తాళంచెవి ఇవ్వడం. నువ్వు ఏమీ రాయకుండా పెట్టినప్పుడే బొమ్మకి పూర్తి తాళం ఉంది. ఆ 'ఎన్‌డీ' (నో డెరివేటివ్స్, అంటే మార్పులు వద్దు) లైసెన్స్ పెడితే "నా పేరు వేసి, మార్చకుండా ఎవరైనా పంచుకోవచ్చు" అని కొత్తగా అనుమతి ఇస్తున్నట్టు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేవు, ఆ షరతులు పాటించినంతకాలం వాళ్లు వాడుకుంటూనే ఉండొచ్చు. నీ ఉద్దేశం ఆపడమే అయితే అది పెట్టకు. నేను పిల్లల పాఠాల కోసం గీసిన కొన్ని బొమ్మల్ని మాత్రం మార్చుకోవడానికి కూడా వీలిచ్చే లైసెన్స్‌తో ఇచ్చాను, తెలిసి ఇచ్చాను, టీచర్లు వాటికి రంగులు వేసుకుంటారు, పక్కన పదాలు రాసుకుంటారు, వాటిని చూస్తే నాకు ఎంతో సంతోషం. ఆ లైసెన్సుల్లో కూడా రెండు రక్షణలున్నాయి: మార్చినట్టు చెప్పి తీరాలి, మార్చినది నీకు నచ్చకపోతే దాని మీద నుంచి నీ పేరు తీసేయమని అడగొచ్చు.

స్టైల్ గురించి ఒక మాట. 2025 మార్చిలో అందరూ తమ ఫోటోల్ని ఏఐతో జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ బొమ్మల్లా మార్చుకున్నారు కదా, అప్పటినుంచి "నా స్టైల్‌ని ఏఐ ఎత్తుకుపోతోంది, కేసు వేయొచ్చా" అని చాలామంది అడుగుతున్నారు. శైలికి కాపీరైట్ లేదు, గీసిన ఫలానా బొమ్మకే ఉంది. మనం కూడా మన ముందువాళ్ల గీతలు చూసే నేర్చుకున్నాం కాబట్టి మనుషుల వరకు ఆ నియమం న్యాయమైనదే. యంత్రం ఒక మనిషి జీవితకాలపు గీతని ఒక పూటలో మింగడం వేరు, ఆ తేడా చట్టం ఇంకా సరిగా చూడలేదని నా నమ్మకం. షికాగో యూనివర్సిటీ వాళ్లు గ్లేజ్, నైట్‌షేడ్ అని రెండు ఉచిత టూల్స్ ఇచ్చారు, రెండూ బొమ్మలో కంటికి సరిగా కనబడని మార్పులు చేస్తాయి. గ్లేజ్ ఏఐ నీ శైలి నేర్చుకోకుండా అడ్డుపడటానికి, నైట్‌షేడ్ అడక్కుండా బొమ్మ తీసుకుని నేర్చుకునే ఏఐని తప్పుదారి పట్టించడానికి. వాడి చూడు. కానీ జెండా అతికించేవాణ్ణి అవి ఆపవు.

అప్‌లోడ్ చేసేటప్పుడు 1080 పిక్సెల్స్ వెడల్పు దాటనివ్వకు. పుస్తకాల క్వాలిటీలో అచ్చేస్తే అది సుమారు మూడున్నర అంగుళాలే వస్తుంది. ఫ్లెక్సీకి మాత్రం ఆ మాత్రం చాలు, దూరం నుంచి చూసేదే కాబట్టి, అందుకని దీన్నే నమ్ముకోకు. ఫైలు లోపల పేరు, ఫోన్ నంబరు రాసిపెట్టుకున్నా వాట్సాప్‌లో ఫోటోగా పంపగానే ఆ వివరాలన్నీ రాలిపోతాయి. మిగిలేది బొమ్మ మీద కంటికి కనబడే సంతకమే, అది మూలన ఉంటే ఒక్క క్రాప్‌తో పోతుంది. వ.పా. అని మూలన సంతకం చేసిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలు ఎన్ని చోట్ల ఆ రెండక్షరాలు లేకుండా తిరుగుతున్నాయో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మా నాయనమ్మ బొమ్మ తర్వాత నేను మూలన సంతకం మానేశాను. చీర అంచులో, చాప అల్లికలో, చెట్టు బెరడులో, ఎక్కడ చెరిపితే బొమ్మే పాడవుతుందో అక్కడ పెడతాను. నీ తాత బొమ్మ అసలు ఫైలు ఒకసారి తెరిచి చూడు, చూడటం వరకే. ఎడమ మోకాలి దగ్గర వల ముడులు దట్టంగా ఉన్నాయి, నీ పేరులోని మూడక్షరాలూ ఆ దారంలోనే పట్టేస్తాయి. కాపీ తీసుకుని అక్కడ రాసి, ఇకమీదట ఎక్కడ పెట్టినా ఆ కాపీనే పెట్టు. పార్టీ ఆఫీసుకి పంపే ఉత్తరం రాశాక, పంపేముందు నాకోసారి చూపించు, రేపు సాయంత్రం ఖాళీగానే ఉంటాను.